వంటింటి మంటలు: ప్రమాదమా, నేరమా అన్న ప్రశ్నలో మరుగైన మరో ప్రశ్న

ఇంట్లో జరిగే ప్రమాదాలలో వంటింటి మంటలది మన దేశంలో విచిత్రమైన చరిత్ర. పట్టణాల ఇరుకిళ్లలోకి కట్టెల పొయ్యికి బదులు కిరసనాయిలు స్టవ్ వచ్చాక, ఒళ్లు కాలి ఆసుపత్రిలో చేరిన యువతుల విషయంలో బంధువులు చెప్పే, పోలీసులు రాసుకునే కారణం తరచుగా ఒకటే: స్టవ్ పేలింది. వారిలో నిజంగానే వంట చేస్తూ కాలినవారు, తమకు తామే నిప్పంటించుకున్నవారు, కట్నం కోసం అత్తింటివారి చేతిలో హతమైనవారు కూడా ఉన్నారు.

1970ల చివర ఢిల్లీలో మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చి ఈ చావులు ప్రమాదాలు కావని నిలదీశాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చాలదని తేలడంతో 1983లో శిక్షాస్మృతిలోకి, భార్యపై భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చూసే 498ఏ సెక్షన్ వచ్చింది; పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే పోస్టుమార్టం జరగాలన్న నిబంధనా అదే ఏడాది చేరింది. 1986లో 304బి సెక్షన్ వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించింది. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదిప్పుడు 80వ సెక్షన్.

ఈ చట్టాలు అవసరమైనవే. అయితే దర్యాప్తు అంతా నిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఎవరూ పెట్టలేదని తేలితే ఫైలు మూతపడేది తప్ప, అది ఏ రకం స్టవ్, అందులో ఏ నూనె పోశారు, దాన్ని నేల మీద పెట్టారా గట్టు మీద పెట్టారా అని ఆరా తీయవలసిన అవసరం పోలీసులకు ఉండేది కాదు. మామూలు ప్రమాదం మీద మనకు శ్రద్ధ కొరవడింది అక్కడేనని నా అభిప్రాయం.

నిజానికి ఆ స్టవ్‌లోనే అపాయం ఉంది. పంపు స్టవ్‌లో గాలి ఒత్తిడికి పైకెక్కిన కిరసనాయిలు, వేడెక్కిన గొట్టంలో ఆవిరై, సన్నని రంధ్రం గుండా వచ్చి మండుతుంది. గొట్టం సరిగా వేడెక్కకముందే పంపు కొడితే ఆవిరికి బదులు నూనే చిమ్మి మంట ఎగసిపడుతుంది. వత్తుల స్టవ్‌కు ఆ ఒత్తిడి లేకపోయినా, మండుతుండగానే నూనె పోసే అలవాటు చాలు. కిరసనాయిలులో పెట్రోలు కలిసిందంటే ముప్పు అనేక రెట్లు. ఆ స్టవ్ నేల మీద ఉండి, ముందు కూర్చున్న మనిషి ఒంటి మీద నైలాన్ చీర ఉంటే, మంట కొంగుకు అందుతుంది. కరిగిన బట్ట చర్మానికి అతుక్కుంటుంది.

మరణాల తీవ్రత ఎంతో 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. 2001లో దేశంలో మంటల వల్ల దాదాపు 1,63,000 మంది మరణించారని, వారిలో 1,06,000 మంది స్త్రీలేనని, ఇది పోలీసు లెక్కకు ఆరు రెట్లని ఆ పరిశోధకులు అంచనా వేశారు. మరణించిన స్త్రీలలో 15 నుంచి 34 ఏళ్లవారే ఎక్కువ. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే బాధ్యత, అత్తింటి హింస రెండూ మోసే వయసు అదే కాబట్టి, ఏ చావు దేనివల్లో ఆ అంకెలు విడదీసి చెప్పలేవు.

ఆ తరువాత మార్పు ఇంధనం వైపు నుంచి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు గ్యాస్ చేర్చాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో అగ్నిప్రమాద మరణాలు 2014లో 19 వేలు దాటగా, 2022 నాటికి ఎనిమిది వేల లోపుకు దిగాయి. మొదటి నుంచీ తక్కువగా నమోదవుతున్న లెక్క కనుక ఈ తగ్గుదలను పూర్తిగా నమ్మలేం. కానీ కిరసనాయిలు వంటింటి నుంచి తప్పుకోవడానికి ఇందులో పాత్ర ఉందనుకోవడం అసమంజసం కాదు.

గ్యాస్ ప్రమాదం తీరు వేరు. లీకైన గ్యాస్ గాలి కన్నా బరువైనది కాబట్టి నేలబారున, మూలల్లో పేరుకుంటుంది. అందుకే రాత్రంతా తలుపులు మూసి ఉన్న వంటింట్లో పొద్దున్నే లైటు స్విచ్ వేసినప్పుడు అంటుకుంటుంది. వాసన తెలియడానికి మెర్‌కాప్టన్ అనే ఘాటైన వాసన గల రసాయనం కలుపుతారు గానీ, పక్క గదిలో నిద్రపోయేవారికి అది అందకపోవచ్చు. పాతబడి బీటలు వారిన రబ్బరు గొట్టం, సరిగా కూర్చోని రెగ్యులేటర్ ఇందుకు దారితీస్తాయి. ఇన్ని తేడాలున్నా బ్యూరో పట్టికలో గ్యాస్ సిలిండర్ పేలుడుకూ స్టవ్ పేలుడుకూ కలిపి ఒకే గడి ఉంది.