కోడికి మందు, గుర్రానికి విషం: మోనెన్సిన్

బెంగళూరుకు ఆనుకుని హోసూరు, కోలారు, చింతామణి వైపు కోళ్లనూ పాడి ఆవులనూ పెంచే తెలుగు రైతులు ఉన్నారు. నగరం నడుమ గుర్రప్పందేల మైదానం ఉంది. మేతలో కలిపే మోనెన్సిన్ అనే మందు ఈ మూడు జంతువులలో ఒక్కొక్కదాని మీద ఒక్కో రకంగా పనిచేస్తుంది. కోడికి అది రక్తపారుడు రోగం నుంచి రక్షణ, ఆవుకు మేత ఖర్చులో ఆదా, గుర్రానికి మాత్రం ప్రాణాంతకం.

స్ట్రెప్టోమైసెస్ సిన్నమొనెన్సిస్ అనే బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. దీని నిర్మాణాన్ని 1967లో ప్రకటించారు. అమెరికాలో 1971లో కోళ్లకు, 1975లో పశువులకు అనుమతి వచ్చింది. ఈ అణువు లోపలి వైపు ఆక్సిజన్ పరమాణువులు సోడియం అయాన్‌ను చుట్టుకుని పట్టుకుంటాయి, బయటి వైపు కొవ్వులో కరిగే స్వభావంతో ఉంటుంది. కనుక కొవ్వుపొరను సునాయాసంగా దాటి, కణంలో సోడియాన్ని వదిలి, బదులుగా హైడ్రోజన్ అయాన్‌ను బయటికి తెస్తుంది. కోడి పేగులోని ఐమీరియా పరాన్నజీవి, చిల్లుపడిన పడవలోంచి నీళ్లు తోడేవాడిలా, లోపలికి వస్తున్న సోడియాన్ని బయటికి పంపి పంపి శక్తి అంతా ఖర్చుచేసి, ఉబ్బి చచ్చిపోతుంది.

ఆవు గడ్డిపొట్టలో ఇదే గుణం, బయటి పొర లేని గ్రామ్-పాజిటివ్ రకం బ్యాక్టీరియాను అణచివేస్తుంది. గ్రామ్-నెగెటివ్ వాటిని వాటి బయటి పొర చాలావరకు కాపాడుతుంది. ఫలితంగా మేత పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలలో ఎసిటేట్ తగ్గి, ఆవుకు మేత నుంచి ఎక్కువ శక్తి దక్కించే ప్రొపియొనేట్ పెరుగుతుంది, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కొంత తగ్గుతుంది, మేతలోని ప్రోటీన్ అమ్మోనియాగా వృథా కావడం కూడా తగ్గుతుంది. అయితే మీథేన్ తగ్గుదల కొంతకాలానికి పలచబడటం కనిపించింది కాబట్టి, వాతావరణం పేరుతో దీన్ని అమ్మజూపడం నాకు అతిశయోక్తిగా తోస్తుంది. ఆడుగోడిలోని జాతీయ పశుపోషణ సంస్థ టానిన్లు (మొక్కలలోని వగరు పదార్థాలు) ఉన్న మొక్కలతో చేసిన ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమం మీథేన్ తగ్గించేందుకు వేరే దారి. ఐరోపా సమాఖ్య పెరుగుదల కోసం యాంటిబయాటిక్‌ల వాడకాన్ని 2006 జనవరి 1 నుంచి నిషేధించినా, కోళ్ల రక్తపారుడు నివారణకు మోనెన్సిన్ తరగతి మందులను కొనసాగనిచ్చింది. మనుషులకు మాత్రం వీటిని మందుగా వాడరు.

ఇక అసలు జాగ్రత్త మోతాదు దగ్గరే. సగం జంతువులను చంపే మోతాదు కిలో బరువుకు కోడికి సుమారు 200 మిల్లీగ్రాములు, పశువులకు కొన్ని పదుల మిల్లీగ్రాములు కాగా, గుర్రానికి 2 నుంచి 3 మిల్లీగ్రాములే. గుర్రం గుండె కండరం దెబ్బతింటుంది. బతికినవాటికి కూడా గుండె బలహీనత మిగలవచ్చు. గినీ కోళ్లకూ ఇది పనికిరాదు. టియామ్యులిన్ అనే యాంటిబయాటిక్ మోనెన్సిన్‌ను కాలేయం విచ్ఛిన్నం చేయకుండా అడ్డుకుంటుంది కనుక, రెండూ కలిపి ఇస్తే, మోనెన్సిన్ సరైన మోతాదులో తిన్న కోళ్లు సైతం విషబాధకు గురవుతాయి.

బ్రాయిలర్ దాణాలో టన్నుకు 100 నుంచి 120 గ్రాముల మోనెన్సిన్ ఉండాలి. ప్రీమిక్స్ (దాణాలో కలిపేందుకు ముందే పలచన చేసిన మందు పొడి) సంచిలో 10 శాతం మందుంటే 100 గ్రాములకు ఒక కిలో కావాలి, 20 శాతముంటే అర కిలో చాలు. సంచి మారినా కొలత మార్చకపోతే మోతాదు రెట్టింపవుతుంది. అందుకే లేబుల్ చదివి తూచాలి, ముందు కొద్ది దాణాతో కలిపి ఆ మిశ్రమాన్నే మిగతాదానిలో వేయాలి. ఒకే మిక్సర్‌లో గుర్రపు దాణా కూడా కలిపే చోట పాత దాణా కొంచెం మిగిలినా ముప్పే. విడిగా మిక్సర్ ఉండటమే క్షేమం. దీని ధూళి కళ్లను, చర్మాన్ని, శ్వాసను ఇబ్బంది పెడుతుంది కాబట్టి మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోవాలి, పని ముగిశాక చేతులు కడుక్కున్న తరువాతే తినాలి.

గుర్రం పొరపాటున తింటే విరుగుడు మందు లేదు. మేత వెంటనే తీసివేసి, దాన్ని నడిపించకుండా నిలిపి, పశువైద్యుణ్ణి పిలవాలి. తిన్న దాణాలో కొంత విడిగా దాచితే పరీక్షలో కారణం తేలుతుంది.