చెలక నేలలో పాకుడు లాంటానా

దేవరకొండ, కల్వకుర్తి వైపు ఎర్ర చెలకల్లో ఇంటి ముందు జాగాకు లాన్ గడ్డి పరిస్తే, బోరు వట్టిపోయిన వేసవిలో అది మాడిపోతుంది. అక్కడ నిలబడేది ఊదా పూల పాకుడు లాంటానా. ఈ దక్షిణ అమెరికా మొక్క అడుగున్నర ఎత్తుకు మించి పెద్దగా లేవదు. కొమ్మలు నాలుగు అడుగుల దాకా పాకి, నేలకు ఆనిన కణుపు దగ్గర మళ్లీ వేరు వేస్తాయి. చెలక మట్టి వాన చినుకుల దెబ్బకు పైన పెచ్చు కట్టి నీటిని లోపలికి పోనివ్వదు; ఆకుల కప్పు ఉంటే ఆ పెచ్చు కట్టదు, గట్ల మట్టి కోసుకుపోదు.

ఇది అడవులను ఆక్రమించే పులికంపకు (లాంటానా కమారా) చుట్టమే. అందుకని కాయలు పట్టని తల్లిమొక్క నుంచే కొమ్మలు తీసుకోవాలి. పూలు లేని, సగం ముదిరిన కొమ్మను నాలుగైదు అంగుళాలు కోసి, ఇసుక కలిపిన మట్టిలో నీడపట్టున గుచ్చితే నెల రోజుల్లో వేరు పడుతుంది.

నీళ్లు లేకున్నా బతుకుతుందన్న మాట నాటిన మొదటి ఏడాదికి వర్తించదు. మొదటి వానాకాలంలో వేరు లోతుకు దిగిందా లేదా అన్నదాన్ని బట్టే రోహిణి ఎండకు ఆగడం ఉంటుంది. కాబట్టి మృగశిర వానలు పడ్డాకే నాటాలి. మోరం నేలైతే గడ్డపారతో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, తవ్విన మట్టిలో రెండు కిలోల మాగిన పెంట ఎరువు కలిపి నింపాలి. మొక్కల మధ్య రెండున్నర అడుగులు వదిలితే వంద చదరపు అడుగులకు 16 మొక్కలు పడతాయి. తుంగ గడ్డలను ముందే ఏరిపారేయాలి, కొమ్మలు అల్లుకున్నాక వాటిని పీకడం ఎవరి తరమూ కాదు.

వాన లేనప్పుడు మొదటి రెండు నెలలు వారానికి రెండుసార్లు, మొక్కకు నాలుగు లీటర్ల చొప్పున పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపొరలోనే తిరుగుతాయి, మే నెలలో ఆ పొరతోపాటే ఎండిపోతాయి. రెండో వేసవికి పది పదిహేను రోజులకో తడి చాలు. నల్లరేగడిలో మాత్రం నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, అడుగు ఎత్తు కట్ట వేసి నాటాలి.

ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పాలిపోతే బోరు నీటి క్షారం వల్ల ఇనుము అందడం లేదన్నమాట. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. ఆకు ఏపుగా ఉండి పూలు లేకపోతే నీడో, యూరియానో కారణం. ఆకు మీద తెల్ల చుక్కలు, అడుగున నల్ల మచ్చలు కనిపిస్తే అది జల్లెడ రెక్కల నల్లి (లేస్ బగ్) అనే రసం పీల్చే పురుగు పని. పులికంపను అణచడానికి 1941లో మన దేశానికి తెప్పించిన పురుగిది! వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్లతో ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

కత్తిరింపు జూన్‌లోనే, సగం దాకా. ఏప్రిల్‌లో కోస్తే లోపలి ముదురు కాడలు ఎండకు కాలిపోతాయి. కోసిన కొమ్మలను గొడ్లకు వేయొద్దు. ఈ జాతి ఆకుల విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.