మౌత్‌పీస్ రీఫేసింగ్: కొత్తగా మొదలుపెట్టేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

క్లారినెట్, శాక్సోఫోన్ లాంటి ఊదే వాద్యాల్లో నోట పెట్టుకునే భాగం మౌత్‌పీస్, దాని మీద బిగించే, ఊదితే అదిరే పలుచని రెల్లు ముక్క రీడ్. మౌత్‌పీస్‌లో ఆ రీడ్ ఆనే ముఖాన్ని రుద్ది సరిచేయడమే రీఫేసింగ్. నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: టిప్ (నోట్లో ఉండే కొస) దగ్గర రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య సందు పెంచితే చాలు, శబ్దం పెద్దదవుతుంది.

వాస్తవం: క్లారినెట్‌కి ఆ సందు మామూలుగా 1 నుంచి 1.2 మి.మీ. ఉంటుంది. దాన్ని పెంచితే అదే రీడ్ ఊదడానికి బరువైపోతుంది, మెత్తటి రీడ్‌కి మారాల్సి వస్తుంది. అసలు ప్రాణం వంపులో ఉంది. రీడ్ మౌత్‌పీస్‌ను వదిలి లేచే చోటు నుంచి టిప్ దాకా సుమారు 17 మి.మీ., అంత చిన్న దూరంలో ఎడమ అంచు, కుడి అంచు ఒకేలా వంగాలి, లేకపోతే ఎంత బాగా వాయించేవాళ్లకైనా కీచుమంటుంది. పాడైందని నా దగ్గరికి తెచ్చే వాటిలో చాలావాటికి రోగం ఇదే, సందు కాదు.

అపోహ: కొలవడానికి ఖరీదైన సామాను కావాలి.

వాస్తవం: బైక్ మెకానిక్ వాడే ఫీలర్ గేజ్ (రకరకాల మందాల సన్న రేకుల కట్ట), అర మిల్లీమీటరుకో గీత ఉన్న చిన్న గాజు పలక, ఒక నోట్‌బుక్ చాలు. రీడ్ ఉండే చోట గాజు పెట్టి, దాని కిందకి గేజ్ రేకు ఎంతవరకు వెళ్తోందో రెండువైపులా చూసి రాసుకోవాలి. రేకును నెట్టకండి, దానంతట అదే జారి ఆగాలి. నెడితే గాజు లేచి లెక్క తప్పుతుంది. నాకు ఈ ఒక్క పని చేతికి రావడానికే నెలలు పట్టింది, దయచేసి దీన్ని దాటేసి రుద్దడానికి వెళ్లకండి.

అపోహ: ఎక్కువ రుద్దినా తర్వాత సరిచేయొచ్చు.

వాస్తవం: పోయిన ఎబొనైట్ (మౌత్‌పీస్ చేసే గట్టి రబ్బరు) తిరిగి రాదు. రీడ్ ఆనే బల్లపరుపు భాగాన్ని రుద్దితే సందు తగ్గుతుంది గానీ, దాంతోపాటు వంపు పొడవూ తగ్గిపోతుంది. మందపాటి గాజు మీద 600 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, రెండు మూడుసార్లు లాగి, మళ్లీ కొలవండి. టిప్ అంచు కూడా వెడల్పవుతూ వస్తుంది, దాన్ని చివర్లో లోపలివైపు నుంచి సన్నం చేయాలి.

అపోహ: పని అయ్యాక వేడినీళ్లతో కడగాలి.

వాస్తవం: వద్దు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు, వేడి తగిలితే నల్లరంగు పోయి ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. చల్లని నీళ్లు చాలు. రుద్దేటప్పుడు కూడా తడి ఉంచండి, ఆ పొడి పీల్చకూడదు.

మొదట చవక ప్లాస్టిక్ మౌత్‌పీస్‌లు రెండు మూడు కొని వాటి మీద చేయి సాధించండి. ముందూ తర్వాతా ఒకే రీడ్‌తో ఊది చూడండి, అప్పుడే తేడా వంపుదో రీడ్‌దో తెలుస్తుంది.