కొత్త కాలనీకి ఎన్ని గదుల బడి కావాలి?

తరగతి గదిలో 40 మందికి మించి కూర్చోబెట్టకూడదని ఒక బడిలో నియమం ఉందనుకోండి. బడి తెరిచిన వారంలో ఒకటో తరగతిలో సరిగ్గా 40 మంది చేరారు. ఒక గది, ఒక టీచరు సరిపోయారు. మర్నాడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఇంకో పాప వచ్చింది. ఆ ఒక్క పాపతో తరగతి 20, 21గా చీలిపోతుంది. ఇంకో గది కావాలి, ఇంకో టీచరు కావాలి. పిల్లలు ఒక్కొక్కరుగా వస్తారు గానీ, గదులు ఒక్కో బెంచీ చొప్పున పెరగవు కదా.

ఇప్పుడు ఆరు తరగతులు, 12 గదులు ఉన్న బడిని తీసుకోండి. కాగితం మీద 12 నలభైలు 480. కానీ ప్రతి తరగతిలోనూ 45 మంది ఉంటే తరగతికి రెండు సెక్షన్లు పెట్టాలి. ఆరు రెళ్లు 12, గదులన్నీ అయిపోయాయి. బడిలో ఉన్నది మాత్రం 270 మందే. ఆఫీసు లెక్కలో 210 సీట్లు ఖాళీ, హెడ్మాస్టరు దగ్గర ఒక్క గదీ ఖాళీ లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. హైస్కూలుకు వచ్చేసరికి ల్యాబులు, టైంటేబులు కూడా తోడవుతాయి. ప్రతి పీరియడ్‌లోనూ ప్రతి గదీ నిండేలా టైంటేబుల్ వెయ్యడం కుదరదు. అందుకే ప్లానర్లు చాలాచోట్ల ఉన్న సీట్లలో 85 శాతం దాకానే వాడుకోగలమని లెక్క వేసుకుంటారు.

గదుల లెక్క ఇలా ఉంటే, పిల్లల లెక్క ఇంకా కష్టం. కొత్తగా ఇళ్లు లేస్తున్న ప్రాంతంలో సాధారణంగా చేసేది ఒకటే. ఇళ్లు లెక్కపెడతారు, ఇంటికి ఇంతమంది పిల్లలని గుణిస్తారు, దానికి తగ్గ గదులు కడతారు. ఆ లెక్క తప్పు కాదు గానీ, అది ఒక రోజు తీసిన ఫొటో. ఆ ఇళ్లలో మనుషులకు ఏటా ఒక ఏడు వయసు పెరుగుతుందన్న సంగతి అందులో ఎక్కడా కనబడదు.

కొత్త కాలనీలో మొదట దిగేది ఎక్కువగా చంటిపిల్లలతో ఉన్న చిన్న వయసు దంపతులు. తొలి రెండేళ్లు బడి పలచగానే ఉంటుంది. ఆ తర్వాత ఒకటో తరగతి ఒక్కసారిగా కిటకిటలాడుతుంది, పై తరగతులు మాత్రం బోసిగా ఉంటాయి. ఇంకో ఏడెనిమిదేళ్లకు అంతా తారుమారవుతుంది. హైస్కూల్లో చోటు ఉండదు, ఒకటో తరగతికి పిల్లలు చాలరు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా అమ్మానాన్నలు ఆ ఇళ్లలోనే ఉంటారు. ఇళ్లు ఒక్కొక్కటిగా చేతులు మారుతూ ఉంటాయి కాబట్టి పిల్లల రెండో అల వచ్చినా మొదటిదంత ఎత్తుకు లేవదు, ఎక్కువ కాలం మెల్లగా సాగుతుంది.

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 1947 నుంచి 1951 వరకు లెవిట్‌టౌన్ అనే కాలనీ కట్టారు. ఇంచుమించు ఒకే మూసలో 17 వేలకు పైగా ఇళ్లు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కొత్త కుటుంబాలు. అందరి వయసూ దగ్గరదగ్గర, అందరి పిల్లల వయసూ దగ్గరదగ్గర. బడులు ఆగమేఘాల మీద కట్టాల్సి వచ్చింది. ఆ పిల్లలు ఎదిగిపోయాక కొన్ని మూతపడ్డాయి. అమెరికా మొత్తం మీద కూడా ఇదే అల కనబడుతుంది. అక్కడ 1957లో దాదాపు 43 లక్షల మంది పుట్టారు, ఆ కాలానికి అదే శిఖరం. ప్రభుత్వ బడుల్లో విద్యార్థుల సంఖ్య 1971లో 4 కోట్ల 60 లక్షలకు చేరింది. 1957లో పుట్టినవాళ్లకు అప్పుడు 14 ఏళ్లు. 1984 నాటికి ఆ సంఖ్య 4 కోట్ల లోపుకు పడిపోయింది.

అలే కాదు, గుంట కూడా ఇలాగే తరగతులు ఎక్కుతూ పోతుంది. జపాన్‌లో 1966 అశుభ సంవత్సరమని, ఆ ఏడు ఆడపిల్ల పుడితే మంచిది కాదని నమ్మకం. 1965లో 18 లక్షల 20 వేల పైచిలుకు జననాలుంటే 1966లో 13 లక్షల 60 వేలు, 1967లో మళ్లీ 19 లక్షల పైన. ఆ పలచని బ్యాచ్ ఒకటో తరగతిలో చేరి, ఏటా ఒక్కో మెట్టూ ఎక్కుతూ, వెనకా ముందూ కిక్కిరిసిన తరగతుల మధ్య నడిచిపోయింది. ఆరేళ్ల ముందు పుట్టిన పిల్లలే ఇవాళ ఒకటో తరగతిలో చేరతారు. ప్లానర్‌కు ఇంతకు మించిన ముందస్తు కబురు ఇంకేం కావాలి?

కొత్త కాలనీలో ఆ కబురు కూడా అందదు. అక్కడి పిల్లలు పుట్టింది వేరే చోట. స్థానిక జనన రిజిస్టర్లో వాళ్ల పేర్లు ఉండవు. అందుకని వేరే ఆనవాళ్లు వెతకాలి. కట్టడానికి ఇచ్చిన అనుమతులు ఎన్ని ఇళ్లు వస్తాయో చెబుతాయి. కొత్త కరెంటు మీటర్లు ఎన్నింటిలో మనుషులు దిగారో చెబుతాయి. టీకాల రిజిస్టరైతే ఏకంగా పిల్లల వయసులే చెబుతుంది. ఒక పడగ్గది ఉన్న ఫ్లాటు నుంచి, మూడు పడగ్గదుల ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లల సంఖ్య ఒకటి కాదు. ఆ లెక్క ఏదో పుస్తకంలోంచి తెచ్చుకోవడం కన్నా, ఐదేళ్ల కిందట కట్టిన పక్క కాలనీకి వెళ్లి, ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టుకోవడం మేలు.

బడి నడుస్తున్న చోట ఎక్కువగా వాడే పద్ధతి పేరు కోహార్ట్ సర్వైవల్. ఒక తరగతి బ్యాచ్ మరుసటి ఏడు పై తరగతికి ఎంతమందిగా చేరిందో చూడటమే ఇది. నిరుడు ఒకటిలో 100 మంది ఉండి, ఈ ఏడు రెండులో 105 మంది ఉంటే నిష్పత్తి 1.05. అంటే కొత్త కుటుంబాలు దిగుతున్నాయన్నమాట. 1 కన్నా తక్కువైతే పిల్లలు ఊరు వదిలి పోతున్నారో, బడి మారుతున్నారో, చదువే మానేస్తున్నారో ఆరా తియ్యాలి. నాలుగైదేళ్ల సగటు తీసి ముందుకు పొడిగిస్తారు. ఇబ్బంది అక్కడే ఉంది. ఒకటి నుంచి పదికి తొమ్మిది మెట్లు. ఏటా 1.05 చొప్పున పెరిగితే ఆ 100 మంది పదో తరగతికి 155 అవుతారు. ఇళ్లు కట్టడం నెమ్మదించి నిష్పత్తి 1.02కి దిగితే దాదాపు 120 మందే. అప్పుడు ఒక్క పదో తరగతికే నాలుగు గదుల బదులు మూడు చాలు. గడిచిన ఐదేళ్లలో కాలనీ ఎలా పెరిగిందో నిష్పత్తికి తెలుసు, రేపు ఏ బిల్డరు పని ఆపేస్తాడో దానికి తెలియదు.

చాలా ప్లాన్లలో నాకు బాధ కలిగించే లోటు ఇంకొకటి ఉంది. ఇవాళ ఎంత శాతం పిల్లలు ప్రభుత్వ బడికి వెళుతున్నారో అదే శాతాన్ని పదేళ్ల తర్వాతకూ వేసేస్తారు. ఇవాళ వెళ్లనిది బడి దూరమైనందుకో, రోడ్డు దాటించడానికి తల్లి భయపడినందుకో, ఉన్న ఒక్క బడీ కిక్కిరిసి ఉన్నందుకో కావచ్చు. మంచి బడి దగ్గర్లో తెరిస్తే ఆ శాతమే మారిపోతుంది. అది చూడకుండా చిన్న బడి కట్టి, రెండేళ్లకే నిండిపోయిందని ఆశ్చర్యపోవడం న్యాయం కాదు.

ఇంతకీ ఏం చెయ్యాలి? నేనైతే స్థలం అల శిఖరానికి తగ్గట్టు ముందే తీసుకోవాలంటాను, గదులు మాత్రం విడతలుగా కట్టాలంటాను. ఇళ్లు లేచాక స్థలం దొరకదు, గదులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. మొదటి అంతస్తుకే పునాది, మెట్లు, నీళ్ల పైపులు పై అంతస్తుల బరువుకు, రద్దీకి సరిపడేలా వేసుకోవాలి. మరుగుదొడ్లు, ఆట స్థలం కూడా శిఖరం నాటి పిల్లల లెక్కనే చూసుకోవాలి. అంతస్తులు పెంచినంత మాత్రాన ఆడుకునే నేల పెరగదు. శిఖరం ఐదారేళ్లే ఉంటుందని తేలితే ఆ కాలానికి తాత్కాలిక గదులు వేసుకోవడం తెలివైన పనే, తీసేసే తేదీ కూడా ముందే రాసిపెట్టుకుంటే. ఇళ్ల అనుమతులు ఒకేసారి కాకుండా దశలవారీగా ఇస్తే అల ఎత్తే తగ్గుతుంది. ఇది విద్యాశాఖ ఒక్కటే చెయ్యగలిగింది కాదు, అనుమతులిచ్చేవాళ్లు కూడా అదే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇక అంచనా ఒక్క గీతగా ఉండకూడదు. కాలనీ వేగంగా పెరిగితే ఒక గీత, ఇప్పటిలా సాగితే ఒకటి, ఆగిపోతే ఒకటి. ఏటా అడ్మిషన్లు ముగిశాక హాజరు పట్టీల్లోని అసలు సంఖ్యను ఆ మూడు గీతల మీద చుక్కగా పెట్టాలి. డిజైను, టెండరు, కట్టడం కలిపి గదులు చేతికి రావడానికి మూడేళ్లు పడుతుందనుకుంటే, చుక్క పై గీత దగ్గరికి జరిగిన ఏడాదే రెండో అంతస్తు పని మొదలవ్వాలి. ఆ ఏడాది ఒకటో తరగతిలో 41వదిగా చేరిన పాప, ఆ గదులు చేతికి వచ్చేసరికి నాలుగో తరగతిలో ఉంటుంది.