"మా వాడికి తాళజ్ఞానం లేదు" అనే ముందు

ఈ నెలలో ముగ్గురు తల్లులు ఫోన్ చేసి ఒకటే మాట. "అక్కా, మా వాడికి తాళజ్ఞానం లేదు, పాట మాన్పించేద్దామా?" ముగ్గురూ పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్లు. పొద్దున్నే వాక్యం, ప్రార్థన, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒకటి. ఆ తర్వాతే లెక్కలైనా తెలుగైనా. ఆ కీర్తన దగ్గరే పిల్లాడు తప్పుతున్నాడని దిగులు.

అపోహ: చప్పట్లు పాటతో కలవకపోతే తాళజ్ఞానం లేనట్టే.

వాస్తవం: వాళ్లలో ఒక బాబుని దగ్గర కూర్చోబెట్టుకుని చూశాను. ఏడేళ్లు. పాట ఆది తాళం, అంటే ఎనిమిది దెబ్బల లెక్క. వాడు అక్షరానికో చప్పట్టు కొడుతున్నాడు. ఒక దెబ్బలో నాలుగు అక్షరాలు ఇమిడినచోట నాలుగు, ఒక్క అక్షరం మూడు దెబ్బలు సాగినచోట ఒకటే. ఒక్క అక్షరం కూడా వదల్లేదు! ఆ చెవికి ఏ లోపమూ లేదు. మాటల నడక కింద ఆగకుండా నడిచే దెబ్బ ఇంకొకటుందని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. దీనికి జ్ఞానం లేదని పేరు పెడితే ఎలాగమ్మా? ఆ మాట చెవిన పడ్డాక పిల్లాడు చేతులు ఒళ్లోంచి తియ్యడు. నలభై ఏళ్లొచ్చాక నా దగ్గర కూర్చుని "నాకు తాళం రాదండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. చిన్నప్పుడు ఎవరో అన్న మాటే అది.

బాబుని వరండాలో నడిపించాను. అడుగుకో అంకె, ఎనిమిది కాగానే మళ్లీ ఒకటి. అడుగు ఆగకుండా ఉంటే పల్లవి నేను పాడాను, తర్వాత వాడు అందుకున్నాడు. నాలుగోరోజుకి కూర్చుని తొడమీద వేశాడు: దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు. ఆపైన దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం.

ఆ తిప్పడం దగ్గర ఇంకో చిక్కుంది. చప్పుడు రాదు కాబట్టి పిల్లలు ఆ రెండు లెక్కల్నీ మింగేస్తారు, ఎనిమిది కాస్తా ఆరవుతుంది. మా నాయనమ్మ నాతో బైబిల్లోని 46వ కీర్తన చదివించేటప్పుడు "సెలా" దగ్గర ఆపేది. ఆ మాట అర్థం కచ్చితంగా తేలలేదు, పాటలో విరామమని చాలామంది పండితులంటారు. బొటనవేలు నాలుగు గణుపుల మీద నడిచాకే తర్వాతి వచనం. ఆ కీర్తనలో సెలా మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ ఇల్లంతా నిశ్శబ్దం, ఆవిడ వేలొక్కటే కదిలేది. ఖాళీని లెక్కపెట్టడం నాకు అక్కడే వచ్చింది.

అపోహ: తాళం వెయ్యడం మన విశ్వాసానికి పడదు.

వాస్తవం: మీ చేతిలో ఉన్న కీర్తనల పుస్తకం తెరవండి. పాట నెత్తిమీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లోనే కీర్తనలు రాశారు. ఈ పుకారు వినీ వినీ విసుగొచ్చింది.

టిక్కుటిక్కుమని దెబ్బ వినిపించే మెట్రోనోమ్ యాప్ పెడితే చాలంటారు. చాలదు, రెండు నిమిషాలయ్యాక పిల్లాడు దాన్ని వినడం మానేస్తాడు. ముందు దెబ్బ కాళ్లలోకి రానివ్వండి. ఆది తాళం పూర్తిగా వచ్చేదాకా రూపక తాళం చెప్పకూడదన్నదీ అపోహే. రెండు దెబ్బలు, ఒక తిప్పుడు, కొందరికి అదే సులువు.

ఇంకొక్కటి. చివరి చరణానికి వచ్చేసరికి పెద్దవాళ్లు వేగం పెంచేస్తారు. పొయ్యిమీద పాలున్నాయనో, ఆఫీసుకి టైమైందనో. సరిగ్గా ఎనిమిది వేస్తున్న పిల్లాడు వెనకబడితే తప్పు వాడిదైపోతుంది. మొన్న ఆ బాబు ఇంట్లో ప్రార్థనలో కూర్చున్నాను. వాళ్ల నాన్నగారు ముందుకెళ్లిపోయారు. వాడు చెయ్యి తిప్పుతూ బెదురుగా నావంక చూశాడు.

"నువ్వే కరెక్టు నాన్నా, ఆపకు" అన్నాను.