తుక్కులో రాగి ఉండిపోతే ఉక్కుకే నష్టం

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు విప్పే చోట కాసేపు నిలబడితే ముందు గ్యాస్ కటింగ్ మంటే కళ్లల్లో పడుతుంది, కానీ నన్నడిగితే అసలు పని పక్కన నేల మీద కూర్చుని సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పేవాళ్లది. ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలేసి లోపలున్న రాగి చుట్టని కోసి బయటికి లాగేస్తారు, ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, అల్యూమినియం ఇంకో కుప్ప. రాగికి రేటెక్కువ కాబట్టి తీస్తారు, నిజమే. కానీ అది తియ్యకపోతే ఇనుము కూడా పాడైపోద్దని చాలామందికి తెలీదు.

తుక్కుని ఎలక్ట్రిక్ ఫర్నేసులో కరిగించి ఆక్సిజన్ ఊదుతారు కదా, అప్పుడు సిలికాన్, అల్యూమినియం లాంటివి ఇనుము కంటే ముందే ఆక్సిజన్‌తో కలిసిపోయి చిట్టెంలోకి, అంటే కరిగిన ఉక్కు మీద తేలే మలినాల పొరలోకి చేరతాయి, తీసి పారేస్తారు. రాగి మాత్రం ఇనుమంత తేలిగ్గా ఆక్సిజన్‌తో కలవదు, అందుకే ఉక్కులోనే ఉండిపోద్ది. ఆ ఉక్కుని మళ్లీ ఎర్రగా కాల్చి రోలింగ్ చేసేటప్పుడు పైపొరలో ఇనుము ఆక్సైడై పోతూ ఉంటే రాగి మాత్రం మిగిలి పోగవుతుంది, 1085 డిగ్రీలకే కరుగుద్ది కాబట్టి ద్రవమై ఉక్కు రేణువుల సందుల్లోకి దూరి పైన పగుళ్లు తెప్పిస్తుంది. కారు బాడీ రేకులో రాగి సుమారు 0.06 శాతం దాటకూడదు, స్లాబులో వేసే ఊచలైతే 0.4 శాతం దాకా ఓర్చుకుంటాయి. అందుకే కారు రేకు తిరిగి కారు రేకు కాలేక ఊచైపోతోంది. చారులో ఉప్పెక్కువైతే నీళ్లు పోసినట్టు, గనిలోంచి తెచ్చిన కొత్త ఇనుము కలిపి పలచన చెయ్యడమే మార్గం, మరి గని తవ్వుతూనే ఉంటే, వాడిన సరుకునే తిప్పి తిప్పి వాడుకునే సర్క్యులర్ ఎకానమీ ఇంక ఎక్కడిది?

అల్యూమినియందీ ఇదే గోల. కొత్తగా తియ్యాలంటే అల్యూమినాని, అంటే ఖనిజం నుంచి తీసిన అల్యూమినియం ఆక్సైడు పొడిని, 960 డిగ్రీల దగ్గర కరిగిన క్రయోలైట్ అనే లవణంలో వేసి కరెంటు పంపాలి, కిలోకి దాదాపు 14 యూనిట్లు కాలుద్ది, పాతది కరిగిస్తే శక్తి 95 శాతం దాకా ఆదా. కానీ గేర్‌బాక్స్ తొడుగులో ఇనప బోల్టులు ఉండిపోతే ఆ ఇనుము అల్యూమినియంలో కలిసి దాన్ని పెళుసు చేసేస్తుంది, తర్వాత తియ్యడం మహా కష్టం.

ఇంత విలువైన పని చేసేవాళ్లకి చేతికి గ్లౌజులన్నా ఉండాలి. వైర్లని కాల్చి రాగి తీసే పద్ధతి ఎక్కడున్నా ఆగిపోవాలి, వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొక్క కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు వస్తాయి, తొక్క ఒలిచే మెషిన్లు ఉన్నాయి కదా. బ్యాటరీల్లో సీసం అయితే పిల్లల మెదడుకే ఎసరు, వాటిని ఎక్కడపడితే అక్కడ పగలగొట్టకూడదు.

కార్ల కంపెనీల వంతు కూడా ఉంది. పెట్రోలు కారులో రాగి సుమారు 20 కిలోలుంటే ఎలక్ట్రిక్ కారులో దానికి మూడు నాలుగు రెట్లు, అదంతా రేకుల మధ్య, మోటార్ల లోపల ఇరుక్కుని ఉంటుంది. వైరింగ్ మొత్తం ఒక్క వైపు నుంచి ఊడొచ్చేలా డిజైన్ దశలోనే ఆలోచిస్తే, విప్పే మనిషికి పొద్దంతా పట్టే పని గంటలో అయిపోద్ది, రాగి రాగి కుప్పలోకే పోద్ది.