బెంగళూరు పౌరకార్మికులు: కౌన్సెలింగ్ శిబిరం ఎందుకు చాలదు

బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు, దాదాపు అందరూ దళితులు. వాళ్లలో తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలు చాలా ఉన్నాయి. రాయలసీమ నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడినవాళ్లు. ఇంట్లో తెలుగు, హాజరు దగ్గర కన్నడ. వీళ్ల కోసం ఆరోగ్య శిబిరం పెడితే తరచూ అందులో తాగుడు మానమనే ఉపన్యాసం ఒకటి, ఒత్తిడి తగ్గించుకునే చిట్కాలు కొన్ని ఉంటాయి. కార్మికులు తమలో ఏం మార్చుకోవాలన్నదే అక్కడి ప్రశ్న. ఆ ప్రశ్న మీది అనుమానంతోనే కమ్యూనిటీ సైకాలజీ పుట్టింది. మనిషి బాధను అతని మనసులోనే కాక, అతను బతికే పరిస్థితుల్లోనూ వెతికే మనస్తత్వ శాస్త్ర శాఖ ఇది.

1965 మే నెలలో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్వాంప్‌స్కాట్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. అంతకు రెండేళ్ల ముందు కెనెడీ ప్రభుత్వం కమ్యూనిటీ మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టం తెచ్చింది. వాటిలో పనిచేసేవాళ్లకు ఎలాంటి శిక్షణ కావాలన్నది చర్చ. బయట పౌరహక్కుల ఉద్యమం నడుస్తోంది. పేదరికం, జాతివివక్ష తెచ్చిపెట్టే బాధను క్లినిక్‌లో ఒక్కొక్కరికీ చికిత్స చేస్తూ తీర్చలేమన్న ఆలోచన అక్కడ బలపడింది.

1971లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం రయాన్ ఆ ఆలోచనకు పదును పెట్టారు. బాధితుడి మీదికే నింద ఎలా మళ్లుతుందో అంచెలంచెలుగా చూపించారు. ముందు ఒక సమస్యను గుర్తిస్తారు. దాని బారిన పడ్డవాళ్లు మిగతావాళ్ల కంటే ఎందులో వేరో వెతుకుతారు. ఆ తేడానే సమస్యకు కారణమంటారు. చివరికి దాన్ని సరిదిద్దే పథకం ఒకటి వస్తుంది. పథకం నడిపేవాళ్లలో దురుద్దేశం ఉండనక్కర్లేదు, దయ ఉంటే చాలు. తాగుడు ఉపన్యాసం సరిగ్గా ఈ బాటలోనే నడుస్తుంది. కుళ్లిన చెత్తను చేతులతో ఎత్తాల్సి రావడం, దుర్వాసన భరించడానికి కొందరు మందు మీద ఆధారపడటం, ఆ పని తరతరాలుగా ఒకే కులం మీద పడటం, ఇవేవీ ఆ ఉపన్యాసంలోకి రావు.

నిజానికి మన దగ్గర ఈ మాట 1936లోనే వచ్చింది. కులవ్యవస్థ పనిని విభజించడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే విభజిస్తుందని అంబేడ్కర్ రాశారు. అసమానత మెట్లుమెట్లుగా ఉంటుంది కాబట్టి కింది మెట్టు మీదున్నవాళ్లు కూడా తమ కింద ఇంకొకరిని చూస్తారన్నది ఆయన పరిశీలన. కమ్యూనిటీ సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో ఇది మొదటి అధ్యాయంలో ఉండాల్సింది.

మరో ముఖ్యమైన భావన మార్పుకు సంబంధించినది. ఏర్పాటును అలాగే ఉంచి మనుషుల్ని దానికి సర్దడం మొదటి తరహా మార్పు. ఏర్పాటు నియమాలనే మార్చడం రెండో తరహా. 1985లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో మొదలుపెట్టిన కార్యక్రమం మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా తీసుకెళ్లింది, తర్వాత జాతీయ పథకానికి నమూనా అయింది. గొప్ప పనే, కానీ మొదటి తరహాదే. రెండో తరహాకు మన కళ్లెదుటి ఉదాహరణ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్. పాకీ పని చేసేవాళ్లకు ధైర్యం నూరిపోయడంతో ఆగకుండా, సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే తమ సంస్థ ద్వారా 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 తీర్పులో, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తలా 10 లక్షలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

న్యాయాన్ని ఈ శాస్త్రం కనీసం రెండుగా చూస్తుంది: ఎవరికి ఎంత దక్కింది, ఆ నిర్ణయం చేసేటప్పుడు వాళ్ల మాట విన్నారా లేదా. రెండూ కలవకపోతే ఏమవుతుందో బెంగళూరే చూపించింది. పారిశుధ్య కార్మికుల స్థితిగతులు చూడ్డానికి ప్రభుత్వం వేసిన 1970ల నాటి సాలప్ప కమిటీ 500 మంది జనాభాకు ఒక పౌరకార్మికుడు ఉండాలంది. తర్వాత ప్రభుత్వం దాన్ని 700కి ఒకరుగా మార్చింది. 2017-18లో బయోమెట్రిక్ హాజరు వచ్చింది, కాంట్రాక్టర్ల చేతి మీదుగా కాకుండా నేరుగా ఖాతాలో జీతం వేయడం మొదలైంది. పంపకం వరకు ఇది పెద్ద మెరుగు. కానీ 700కి ఒకరన్న లెక్క కుదిర్చే క్రమంలో, రోజూ ఊడుస్తున్నవాళ్లే కొందరు జాబితాలో లేకుండా పోయారు. 2018 జూలైలో, నెలల తరబడి జీతం అందని ఒక కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆత్మహత్యకు ఒకే కారణం చెప్పకూడదన్నది నిజమే, అయినా ఆగిన జీతాన్ని ఏ కౌన్సెలరూ ఇప్పించలేడు.

2022 జూలైలో నాలుగు రోజుల సమ్మె తర్వాత పర్మనెంట్ చేస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. 2025 మే 1న 12 వేలకు పైగా కార్మికులకు నియామక పత్రాలు ఇచ్చింది. ఇంటింటి చెత్త తీసుకెళ్లే ఆటో డ్రైవర్లు, హెల్పర్లు అందులో లేరు. అంబేడ్కర్ చెప్పిన మెట్లు ఒకే బస్తీలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కనిపిస్తాయి.

ఇప్పుడు వీళ్ల మధ్య సర్వే చేయబోయే విద్యార్థులు, సంస్థలు ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మేస్త్రీ పక్కనుంటే ‘అంతా బాగుంది’ అన్న జవాబే వస్తుంది కాబట్టి హాజరు తీసుకునే చోట అడగకండి. పని ముగిశాక బస్తీలో, వాళ్ల తెలుగులో అడగండి. ‘నిద్ర పడుతుందా’ అని అడిగిన కాగితం మీదే, పనిచేసే రోడ్డుకు దగ్గరలో మరుగుదొడ్డి ఉందా, అది లేక నీళ్లు తాగడం మానేస్తున్నారా, సెలవు పెడితే జీతం కోస్తున్నారా అని కూడా రాసుకోండి. లేకపోతే మూత్రకోశ ఇన్‌ఫెక్షన్ ‘శుభ్రత లోపం’గా నమోదవుతుంది. పర్మనెంట్ అయినవాళ్లనూ ఆటో హెల్పర్లనూ కలిపి సగటు తీయకండి, తేడా అక్కడే మాయమైపోతుంది. ప్రశ్నలు ఖరారు చేసేముందు ఆ కాగితాన్ని కార్మిక సంఘంలోని ఆడవాళ్లకు చదివి వినిపించండి, వాళ్లు కొట్టేయమన్నవి కొట్టేయండి.